ఎనిమిదంటే... ఏ ఎనిమిది?

అత్తకు అసలు సంగతి తెలిసిపోయింది. కోడలి ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్లెర్రజేసింది. నోరు తెరిచి ఏదో అనబోయింది... అంతే! తెర నల్లబడింది. ‘రికార్డింగ్ పూర్తయింది, తొలగించమంటారా?’ అన్న ప్రశ్న ఒకటి మాత్రం నింపాదిగా వచ్చి కూర్చుంది.

‘ఏమిరా, నిజం చెప్పబోతాండంగనే నిలిచిపాయ గదా!’ అంటుంది అవ్వ. ‘నేనేం జేసేది అవ్వా, ఎనిమిదిన్నరకు ఆగమన్యా, ఆగింది’ అంటాడు మనవడు. ఇద్దరి మాటా నిజమే. తప్పు మాత్రం ఎక్కడో జరిగింది.

రికార్డింగ్ సౌకర్యమున్న సెట్‌టాప్ బాక్సు వాడిన ఏ ఇంటికైనా ఈ బాధ తెలుసు. మొదటి ఐదు నిమిషాలూ అంతకుముందు సీరియల్ చివరి ముక్క, చివరి ఐదు నిమిషాలూ గాలికి! పండగనాటి సినిమా అయితే పతాక సన్నివేశం, క్రికెట్ అయితే ఆఖరి ఓవరు. దొంగ ఎప్పుడూ బీరువాలో పై అరే చూసుకున్నట్టు, ఈ డబ్బా కూడా సరిగ్గా కావాల్సిన ముక్కనే వదిలేస్తుంది. ఎందుకని?

టైమ్ ఎవరి చేతిలో ఉంది?

కడప జిల్లా రాజుపాలెం లాంటి చోట ఈ ప్రశ్నకు విలువెక్కువ. ప్రొద్దుటూరు నియోజకవర్గంలో ఉన్నవి రెండే మండలాలు. ఒకటి ప్రొద్దుటూరు, రెండోది రాజుపాలెం. అక్కడ బంగారం బజారు, ఇక్కడ కుందూ నది, పొలాలు. సేద్యం చేసే ఇంట్లో పని గంటలు గడియారం చూసి రావు. 2004లో ఉచిత కరెంటు వచ్చింది గానీ, అది రాత్రి ఏ వేళకు వస్తే ఆ వేళకు మోటారు దగ్గరికి పరుగెత్తిన రైతులు ఎందరో. పొద్దున్నే టీవీలో పంటల కార్యక్రమం వచ్చే వేళకు పాలు పిండాలి, కూలీలను పిలవాలి. రాత్రి సీరియల్ వేళకు అన్నాలు పెట్టాలి, అంట్లు తోమాలి.

అసలు రికార్డరు పుట్టిందే ఇలాంటివాళ్ల కోసం. టైమ్ తన చేతిలో ఉన్నవాడు కుర్చీ వేసుకుని లైవే చూస్తాడు. టైమ్ తన చేతిలో లేని మనిషికే ‘నువ్వు పని చేసుకో, నేను పట్టి ఉంచుతా’ అనే తోడు కావాలి. ఆ తోడు మాట తప్పితే నష్టమూ ఆ మనిషికే. పత్తికి గులాబీ రంగు పురుగు పడితే ఏం చేయాలో శాస్త్రవేత్త చెప్పబోయేసరికి రికార్డింగ్ ఆగిపోతే, అది వినోదం పోవడం కాదు కదా!

వెలిగి ఆరే పన్నెండు

ఈ కథ డిజిటల్ బాక్సులతో మొదలైంది కాదు. వీసీఆర్ల కాలానిదే. మన పల్లెల్లో వాటిని సినిమాలు చూడ్డానికే అద్దెకు తెచ్చేవారు. ఊళ్లో పండగొస్తే కలర్ టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు బండి మీద దిగేవి, తెల్లారేదాకా సినిమాలే. టైమర్ పెట్టి రికార్డు చేసేవాళ్లు అరుదు. కరెంటు పోయి వస్తే చాలా వీసీఆర్లలో గడియారం 12 దగ్గర వెలుగుతూ ఆరుతూ ఉండేది. దాన్ని సరిచేయడం పెద్దలకు చేతకాదు, పిల్లలను ముట్టుకోనివ్వరు!

విదేశాల్లోనూ ఇదే తంటా. ఛానల్, తేదీ, మొదలయ్యే టైమ్, ముగిసే టైమ్ అన్నీ నొక్కాలి. ఒక్కటి తప్పినా టేపు నిండా ఇంకేదో ఉంటుంది. అందుకే 1990లో అమెరికాలో జెమ్‌స్టార్ సంస్థ ఒక చిట్కా తెచ్చింది. పత్రికలో ప్రతి కార్యక్రమం పక్కనా ఓ అంకె వేస్తారు. ఆ అంకె నొక్కితే చాలు, మిగతాదంతా యంత్రం చూసుకుంటుంది. నొక్కే కష్టం పోయింది. కానీ కార్యక్రమం ఆలస్యమైతే? పాత కథే!

1999లో టీవో వంటి హార్డ్‌డిస్క్ రికార్డర్లు అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. మన దేశంలో 2008లో టాటా స్కై ప్లస్ (ఆ సంస్థ 2022లో టాటా ప్లే అయింది) వచ్చాక, ‘లైవ్‌ను ఆపి, మళ్లీ చూడొచ్చట’ అన్న మాట వీధుల్లో వినిపించింది. టేపు లేదు, అంకెలు లేవు. తెరమీద పట్టికలో పేరు చూసి ఒక్క మీట నొక్కడమే. ఇంత తేలికైపోయాక ఇంకా తప్పెందుకు?

డబ్బా గడియారం మంచిదే!

అందరి అనుమానం ముందు డబ్బా మీదకే పోతుంది. ‘దీని టైమ్ సరిగ్గా లేదు’ అంటారు. నిజానికి డిజిటల్ బాక్సు గడియారం మన గోడ గడియారం కంటే నిక్కచ్చిగా ఉంటుంది. ఎందుకంటే దానికి సొంత తెలివి లేదు. ప్రసారంతో పాటే టైమ్ కూడా వస్తూ ఉంటుంది. మన దేశంలో వాడే డీవీబీ పద్ధతిలో కనీసం 30 సెకన్లకోసారి ‘ఇప్పుడు టైమ్ ఇంత’ అన్న సమాచారం రావాలన్నది నియమం. అదీ గ్రీన్‌విచ్ లెక్కలో వచ్చే ప్రపంచ సమయం. దానికి ఐదున్నర గంటలు కలుపుకుని బాక్సు మన టైమ్ చూపిస్తుంది.

ఆ ఐదున్నర వెనకా ఓ కథ ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. ప్రొద్దుటూరు, రాజుపాలెం అక్కడికి దాదాపు 4 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కేస్తే కాకినాడ వైపు సూర్యుడు నడినెత్తికి వచ్చిన 16 నిమిషాలకు గానీ రాజుపాలెంలో నడినెత్తికి రాడు. పంచాంగకర్తలు ఊరూరికీ ఈ తేడా లెక్కగట్టి ఘడియలు, విఘడియలు చెబుతారు. ఘడియంటే 24 నిమిషాలు, విఘడియంటే 24 సెకన్లు. అంత నిశితంగా కాలాన్ని కొలిచిన జనానికి సీరియల్ ఎప్పుడు మొదలవుతుందో అంతుబట్టడం లేదంటే చిత్రమే!

మరి బాక్సు గడియారం సరైందే అయితే, తప్పేది ఏది? పట్టిక. తెరమీద కనిపించే కార్యక్రమాల పట్టికలో ప్రతి దానికీ ఒక పేరు, ఒక ప్రారంభ సమయం, ఒక నిడివి ఉంటాయి. వాటిని ఛానల్ ముందుగానే, ఒక్కోసారి వారం ముందు ఇస్తుంది. డీటీహెచ్ సంస్థ వాటిని ప్రసారంలోకి ఎక్కిస్తుంది. బాక్సు వాటిని నమ్ముతుంది. పట్టికలో 8 గంటలని ఉంటే, గడియారం 8 కొట్టగానే మొదలుపెడుతుంది. అప్పుడు తెరమీద నిజంగా ఏం నడుస్తోందో దానికి తెలీదు. అది టీవీ చూడదు, గడియారం చూస్తుంది. పెళ్లికొడుకు వచ్చాడా లేదా చూడకుండా ముహూర్తానికి బాజా మోగించే మేళగాడిలాగన్నమాట!

ఛానల్ నడక వేరు

ఛానల్‌కు తన పట్టిక ఒక అంచనా మాత్రమే. ఆ అంచనా తప్పడానికి కారణాలు చాలా. మొదటిది ప్రకటనలు. గంటకు 12 నిమిషాలు మించకూడదని కేబుల్ టీవీ నిబంధనలు చెబుతాయి. ఆ 12 నిమిషాల్లోనూ ఈ రోజు ఎన్ని పడతాయన్నది ఆ రోజు వ్యాపారాన్ని బట్టి ఉంటుంది. ఒక కార్యక్రమం 3 నిమిషాలు జరిగితే వెనకున్నవన్నీ జరుగుతాయి. పైగా పక్క ఛానల్‌లో సీరియల్ మొదలయ్యే వేళకు మన సీరియల్ ఇంకా ఉత్కంఠలో ఉంటే, ప్రేక్షకుడు రిమోట్ ముట్టుకోడు కదా! ఆ రెండు నిమిషాల జాగు వెనక అలాంటి ఎత్తుగడలూ ఉండొచ్చు.

రెండోది లైవ్. దీన్ని ఎవరూ కొలవలేరు. ఇంగ్లండ్‌లో 2019 ప్రపంచకప్ సెమీఫైనల్‌నే తీసుకోండి. భారత్, న్యూజిలాండ్ మ్యాచ్ జులై 9న మొదలైంది. వాన వచ్చింది. 10న ముగిసింది. 9వ తేదీకి టైమ్ పెట్టుకున్న డబ్బాకు ఆ సంగతి ఎవరు చెబుతారు? అదే నెల 14న జరిగిన ఫైనల్ ఇంకా ఘోరం. మ్యాచ్ టై. సూపర్ ఓవర్ కూడా టై. బౌండరీల లెక్కతో ఇంగ్లండ్ గెలిచింది. పట్టికను నమ్మి రికార్డు చేసినవారికి ఆ చివరి నాటకం దక్కుతుందన్న భరోసా ఏముంది?

కడప జిల్లావారికి బాగా తెలిసిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం. రాష్ట్ర విభజన తర్వాత 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీరామనవమి ఉత్సవాలను అక్కడే అధికారికంగా జరిపిస్తోంది. మిగతా చోట్ల పగలు జరిగే కల్యాణం అక్కడ రాత్రి, పండువెన్నెల్లో. ప్రత్యక్ష ప్రసారం ఉంటుంది. కానీ ఎదురుకోళ్లు ఎంతసేపు, ప్రముఖులు ఎప్పుడొస్తారు, మాంగల్యధారణ ఏ నిమిషానికి అన్నది పట్టికలో ఎలా రాస్తారు? నడవలేని పెద్దావిడ కోసం ఇంట్లోవాళ్లు రికార్డు పెట్టి, తీరా తాళి కట్టే ముందు ఆగిపోతే ఆవిడ మళ్లీ ఏడాది ఎదురుచూడాలి.

మూడోది ఎవరూ ఊహించనిది. 2009 సెప్టెంబరు 2. పులివెందుల ఎమ్మెల్యే, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో ఆచూకీ లేకుండా పోయింది. మర్నాటికి గానీ ఆ దుర్వార్త ఖాయం కాలేదు. తెలుగు వార్తా ఛానళ్లు తమ పట్టికలన్నీ పక్కన పెట్టేశాయి. అలాంటి రోజున రికార్డు పెట్టిన డబ్బాలో పైన పేరు ఒకటి, లోపల ఉన్నది ఒకటి. ‘రాత్రి 9 గంటల చర్చ’ అని రాసి ఉన్న పెట్టెలో ఒక జిల్లా కన్నీళ్లు ఉంటాయి. యంత్రం తప్పుగా పట్టుకున్నదే ఒక్కోసారి దాచుకోవాల్సింది అవుతుంది.

టైమ్ తప్పకపోతేనో?

అలాగని ఛానల్ గడియారాన్ని పట్టుకుని వేలాడితే మంచిదా? అదీ కాదు. 1968 నవంబరు 17న అమెరికాలో ఎన్‌బీసీ సరిగ్గా ఆ పనే చేసింది. న్యూయార్క్ జెట్స్, ఓక్లాండ్ రైడర్స్ ఫుట్‌బాల్ మ్యాచ్ నడుస్తోంది. జెట్స్ 32-29తో ముందుంది. ఇక నిమిషం ఆట మిగిలింది. 7 గంటలైంది. పట్టిక ప్రకారం ‘హైడీ’ అనే పిల్లల చిత్రం మొదలుపెట్టేశారు. ఆ కొద్దిసేపట్లోనే రైడర్స్ రెండు టచ్‌డౌన్లు కొట్టి 43-32తో గెలిచేసింది! ఫోన్లు మోగీ మోగీ ఎన్‌బీసీ ఎక్స్ఛేంజీ మొరాయించింది. ఆ మ్యాచ్‌కు ‘హైడీ గేమ్’ అనే పేరు స్థిరపడింది. ఆ తర్వాత ఆట పూర్తయ్యేదాకా చూపించాకే తర్వాతి కార్యక్రమం అన్న పద్ధతి అక్కడ పాదుకుంది.

అంటే ఛానల్ ఆలస్యం కావడం నేరం కాదు. ఆలస్యమైందని డబ్బాకు చెప్పకపోవడమే లోపం.

జర్మనీలో ఎప్పుడో చేశారు

చెప్పడం కష్టమా? కాదు. జర్మనీలో 1985లోనే మొదలుపెట్టారు. వీపీఎస్ అని దాని పేరు. ప్రతి కార్యక్రమానికీ ముందుగా ప్రకటించిన టైమే పేరు. 8.15కని ప్రకటించిన సినిమా 8.40కి మొదలైనా, దానితో పాటు కంటికి కనిపించకుండా వచ్చే సంకేతంలో ‘ఇది 8.15 సినిమా’ అనే ఉంటుంది. వీసీఆర్ ఆ పిలుపు కోసం కాచుకుని ఉంటుంది. పిలిచినప్పుడు లేస్తుంది, సంకేతం మారగానే ఆగుతుంది. రైలు ఎంత ఆలస్యమైనా నంబరు మారదు కదా, అలాగన్నమాట! బ్రిటన్‌లోనూ తర్వాత పీడీసీ పేరుతో ఇలాంటిదే వచ్చింది. ఇప్పుడు అక్కడి ఫ్రీవ్యూ డిజిటల్ రికార్డర్లు ప్రసారంలో ‘ఇప్పుడు - తర్వాత’ సమాచారం మారడాన్ని బట్టి రికార్డింగ్ మొదలుపెడతాయి.

మనం వాడే డీవీబీ పద్ధతిలోనూ ఆ ఏర్పాటుంది. ‘కొద్ది సెకన్లలో మొదలవుతుంది’, ‘నడుస్తోంది’ అని చెప్పే చిన్న గుర్తులకు అందులో చోటుంది. కాకపోతే ఆ గుర్తును ఛానల్‌లో ప్రసారం నడిపే మనిషో, యంత్రమో ఆ క్షణాన మార్చాలి. అది డీటీహెచ్ దాకా చేరాలి. బాక్సు దాన్ని చదవాలి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మళ్లీ గడియారమే గతి. ప్రకటనలు దాటేసి చూసే ప్రేక్షకుడి కోసం ఛానల్ ఇంత శ్రమ ఎందుకు పడుతుందన్నది మరో ప్రశ్న!

పట్టిక మీద కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాలో ఐస్‌టీవీ అనే సంస్థ రికార్డర్ల కోసం సొంతంగా పట్టిక తయారుచేసి అమ్మేది. అందులోని టైమ్‌లు తమవని నైన్ నెట్‌వర్క్ దావా వేసింది. ఏ కార్యక్రమం ఎప్పుడన్న సమాచారాన్ని ఐస్‌టీవీ వాడుకోవడం కాపీరైట్ ఉల్లంఘన కాదని 2009 ఏప్రిల్ 22న అక్కడి హైకోర్టు తేల్చింది. అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లాంటిది. ‘సీరియల్ ఎనిమిదింటికి’ అన్న మాట అంత దూరం పోయిందన్నమాట.

అమెరికాలోని తెలుగువారికి ఇంకో తలనొప్పి. మన దగ్గర గడియారం ఏడాదంతా ఒకటే. అక్కడ మార్చిలో గంట ముందుకు, నవంబరులో గంట వెనక్కి. ఇక్కడ రాత్రి 8 గంటలంటే న్యూయార్క్‌లో ఎండాకాలం ఉదయం 10.30, చలికాలం 9.30. ఆ మార్పు తేదీలను 2007లో సవరించినప్పుడు, పాత తేదీలే గుర్తున్న వీసీఆర్లు కొన్ని వారాల పాటు గంట తేడాతో రికార్డు చేశాయి. అమ్మ ఇక్కడ చూసిన ఎపిసోడ్‌నే అక్కడ చూసి ఆదివారం ఫోన్లో మాట్లాడుకునే కూతురికి ఆ గంట తక్కువేం కాదు.

పల్లె తంటాలు

పల్లెలో రికార్డరుకు ఇంకా శత్రువులున్నారు. మొదటిది కరెంటు. 8 గంటలకు టైమ్ పెట్టాం, 7.55కి కరెంటు పోయింది, 8.10కి వచ్చింది. బాక్సు లేచి, సిగ్నల్ పట్టి, టైమ్ తెలుసుకునేసరికి మరో రెండు నిమిషాలు. కొన్ని బాక్సులు మిగిలిన ముక్కను రికార్డు చేస్తాయి, కొన్ని ఆ ఊసే మరిచిపోతాయి. రెండోది వాన. డిష్ మీద గట్టి వాన కురిస్తే సిగ్నల్ పోతుంది. టైమ్ సరిగ్గానే ఉన్నా లోపల చుక్కలు, గళ్లు తప్ప బొమ్మ ఉండదు.

మూడోది మన మంచి అలవాటే! పడుకునేముందు అన్ని స్విచ్‌లూ కట్టేయడం. రిమోట్‌తో ఆపితే బాక్సు కునుకు తీస్తుంది, టైమ్‌కు లేస్తుంది. గోడ దగ్గర స్విచ్ కట్టేస్తే అది చచ్చినట్టే, తెల్లవారుజాము పంటల కార్యక్రమానికి ఎవరు లేస్తారు?

నెలవారీ చందా లేని ఉచిత డిష్‌కు బజార్లో దొరికే చవక బాక్సుల్లో చాలావాటికి పెన్‌డ్రైవ్ గుచ్చి రికార్డు చేసే వీలుంది. అక్కడ టైమ్ జోన్ మనమే పెట్టుకోవాల్సి రావచ్చు. ఐదున్నర బదులు ఐదు అని పెడితే ప్రతి రికార్డింగూ అరగంట తేడా. జీవితాంతం అంతే!

ఇలా చేసి చూడండి

పట్టికలో ఉన్నదానికంటే 2 నిమిషాలు ముందు మొదలై, 10 నిమిషాలు తర్వాత ముగిసేలా పెట్టండి. చాలా బాక్సుల సెట్టింగుల్లో ఈ వీలుంటుంది. ఒక రికార్డింగ్ చివర, ఇంకొకటి మొదలు కలిసిపోతే మాత్రం చిక్కే. ఆ కాసేపు బాక్సుకు రెండు పనులు. వేర్వేరు ఛానళ్లయితే రెండు ట్యూనర్లున్న బాక్సే ఆ పని చేయగలదు. అదే ఛానల్‌లో ఒకదాని వెంట ఒకటైతే రెండూ కలిపి ఒకే రికార్డింగ్‌గా పెట్టడం మేలు.

క్రికెట్, కల్యాణం, పాటల పోటీ ఫైనల్ లాంటివైతే దాని తర్వాతి కార్యక్రమాన్ని కూడా రికార్డులో పెట్టేయండి. తర్వాత తీసేయొచ్చు. సీరియల్ మొత్తానికి ఒకేసారి రికార్డు పెట్టినవారు పండగ వారంలో ఓసారి చూసుకోవాలి. ‘మహా ఎపిసోడ్’ అని పేరు మారిస్తే కొన్ని బాక్సులు దాన్ని వేరే కార్యక్రమం అనుకుంటాయి.

పెన్‌డ్రైవ్ వాడేవారు అది ఏ పద్ధతిలో ఫార్మాట్ అయిందో చూడాలి. ఫ్యాట్ 32 అయితే ఒక ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు. మామూలు ఛానల్ గంటకు సుమారు 1 జీబీ తీసుకుంటుంది, హెచ్‌డీ అయితే రెండు మూడు రెట్లు. మూడు గంటల హెచ్‌డీ సినిమా మధ్యలో ఆగిందంటే అనుమానించాల్సింది గడియారాన్ని కాదు. టీవీకి ఇన్వర్టర్ లైను ఇచ్చి బాక్సును మరిచిపోవడమూ మామూలే. కరెంటు పోయినప్పుడు టీవీ లేకపోయినా పర్లేదు, బాక్సు బతికి ఉండాలి.

‘ఇప్పుడు అన్నీ ఫోన్లో వస్తున్నాయిగా, ఈ గొడవెందుకు?’ అంటారు కుర్రాళ్లు. సీరియళ్లు, సినిమాల వరకు నిజమే. వాటిని యాప్‌లో ఏ అర్ధరాత్రయినా చూడొచ్చు. కానీ జిల్లా వార్తల్లో మన ఊరి చెరువు కనిపించిన రెండు నిమిషాలు, పాటల పోటీలో మన పక్కింటి పాప పాడిన ఒక్క చరణం, లైవ్‌లో రైతు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు... ఇవన్నీ యాప్‌లోకి ఎక్కుతాయన్న హామీ లేదు. డీటీహెచ్ బాక్సులో దాచినవి సాధారణంగా ఆ బాక్సులోనే చెల్లుతాయి. తాళం వేసి ఉంటాయి కాబట్టి వేరే చోట పని చేయవు. బాక్సు పాడైతే, కనెక్షన్ మారితే అవీ పోతాయి. అందుకే నిజంగా దాచుకోవాల్సింది ఉంటే, ఇంట్లో ఎవరో ఒకరు ఆ వేళకు టీవీ ముందు కూర్చోవాలి. కనీసం పది నిమిషాలకోసారి తొంగిచూడాలి. పొలం నుంచి వచ్చే మనిషి కోసం అన్నం మీద మూత పెట్టి ఉంచినట్టే ఇదీను. మూత పెట్టే పని యంత్రానికి అప్పగించినా, గిన్నెలో అన్నం ఉందో లేదో చూడాల్సింది మనమే!